బందరు గతాన్నీ వర్తమానాన్నీ కలిపి చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉప్పుగాలి
సోమవారం, ఉదయం 7.40

అందరికీ నమస్కారం. చరిత్రలో ఎం.ఏ. పూర్తి చేసి, మచిలీపట్నం మీద ఒక పెద్ద వ్యాసం రాయాలన్న తలంపుతో ఆరు నెలలుగా చదువుతున్నాను. పుస్తకాలలో కనిపించే బందరుకూ, కళ్ల ముందున్న బందరుకూ నాకు ఎంతకీ పొంతన కుదరడం లేదు. గోల్కొండ సుల్తానుల కాలంలో పెగూ, అచే, మోఖా, బందర్ అబ్బాస్ రేవులకు ఓడలను పంపిన పట్నం ఇది. 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు ఇక్కడ వర్తకం మొదలుపెట్టారు. అంతటి పట్నంలో ఆ కాలపు సుంకపు కచేరీ గాని, వర్తకుల మేడలు గాని, ఓడలు కట్టిన చోటు గాని నాకు కనిపించలేదు.

పోయిన నెల రెండు రోజులు అక్కడే ఉన్నాను. డచ్చివారి సమాధుల తోటలో ఒక రాతి పలక పక్కన చాలాసేపు కూర్చున్నాను. అక్షరాలను రాతిలోకి చెక్కకుండా, చుట్టూ ఉన్న రాతిని తీసేసి పొంగుగా నిలబెట్టారు. పైన ఆ వంశపు చిహ్నం, దాని మీద శిరస్త్రాణం ఉన్నాయి. వేలితో తడిమితే కొన్ని అక్షరాల అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి, కొన్ని మాత్రం ఉప్పుగాలికి పొరలు పొరలుగా రాలిపోతున్నాయి. ఆ తరువాత బందరుకోటకు వెళితే చవుడు నేల, తుమ్మ తుప్పలు, వాటి మధ్య ఆయుధాగారపు గోడలు, గంటల మేడ కనిపించాయి. ఇంత కొద్ది ఆనవాళ్లతో రెండు వేల ఏళ్ల పట్నాన్ని ఎలా చదవాలి? దయచేసి దారి చూపండి.

దస్త్రాల గది
సోమవారం, ఉదయం 9.15

ఉప్పుగాలి గారూ, కట్టడాల కోసం వెతకడం మానితే మీ చిక్కు సగం తీరుతుంది. 17వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన ఐరోపావారే ఈ ఊరిలో గొప్ప కట్టడాలు లేవని రాశారు. 1618 నుంచి 1622 వరకు ఆంగ్లేయుల తరఫున ఇక్కడ పనిచేసిన విలియం మెథ్వోల్డ్ దృష్టిలో ఇది జనం కిక్కిరిసిన, ప్రాకారం లేని, నాసిగా కట్టిన ఊరు. 1650ల ప్రాంతంలో వచ్చిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు తవెర్నియే కొయ్య ఇళ్ల ఊరని రాస్తూనే, బంగాళాఖాతంలో ఓడలు లంగరు వేయడానికి ఇంతకన్నా మంచి చోటు లేదని మెచ్చుకున్నాడు. ఆ కొయ్య ఇళ్లు మిగలకపోవడంలో వింత లేదు.

మిగిలినది కాగితం. డచ్చి కంపెనీ ఉత్తరాలు హేగ్ నగరంలోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. ఆంగ్లేయుల కాలపు మచిలీపట్నం దస్త్రాలు చెన్నైలో, ఎగ్మూరులోని తమిళనాడు అభిలేఖాగారంలో ఉన్నాయి, వాటిలో 1682 నాటివి కూడా కనిపిస్తాయి. అయితే ఆ దస్త్రాలు గిడ్డంగి గుమ్మం దగ్గర నిలబడి చూసిన చూపు. మూటలో ఎన్ని తానులు ఉన్నాయో, వాటి ధర ఎంతో, ఏ ఓడలో ఎక్కించారో వివరంగా చెబుతాయి గాని, ఆ తాను నేసినవారి ఇంటిలోకి అడుగుపెట్టవు.

శాసనం
సోమవారం, మధ్యాహ్నం 1.05

మొదటి టపాలోని "రెండు వేల ఏళ్ల పట్నం" అన్న మాట దగ్గర కొంచెం ఆగుదాం. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నావికుల గ్రంథమైన పెరిప్లస్ "మసాలియా" అని రాసింది, 2వ శతాబ్దపు టాలెమీ "మైసోలియా" అన్నాడు. అయితే రెండు చోట్లా ఆ పేరు ఒక ప్రాంతానిదే గాని ఒక ఊరిది కాదు. టాలెమీ లెక్కలో మైసోలోస్ ఒక నది, దానిని కృష్ణానదిగా పండితులు చాలామంది గుర్తించారు. ఆ ప్రాంతంలోని పట్నంగా ఆయన పేర్కొన్న కంటకోస్సుల ఇప్పటి బందరు కాదు. అది ఘంటసాల.

ఘంటసాల బౌద్ధ స్తూపం దగ్గర దొరికిన ప్రాకృత శాసనాలలో "కంటకసోల" అన్న పేరుంది. నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం కూడా కంటకసేలలోని మహాచైత్యాన్ని ప్రస్తావిస్తుంది. ఘంటసాల శాసనాలలోనే "మహానావిక" అన్న బిరుదుతో సివకుడనే వ్యక్తి కనిపిస్తాడు. నాకు ఆ ఒక్క మాట ఎన్ని బంగారు నాణేలకైనా సమానం. ఓడ నడిపిన మనిషి, లేదా ఓడలకు యజమాని అయిన మనిషి, బౌద్ధ స్తూపానికి దానం చేసేంత కలిమితో ఇక్కడ బతికాడు. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేలపై రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మ ఉండడం కూడా దీనికి తోడు.

కాబట్టి మీరు చదవవలసింది కదులుతూ వచ్చిన రేవును. శాతవాహనుల నాటికి అది ఘంటసాల. కాకతీయుల నాటికి దక్షిణాన మోటుపల్లి. అక్కడ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం, గాలివానకు ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పాత రాజుల్లా జప్తు చేయబోమని, సుంకం ముప్ఫయ్యింట ఒక వంతు మాత్రమే తీసుకుంటామని విదేశీ వర్తకులకు మాట ఇచ్చింది. గోల్కొండ నాటికి ఆ పాత్ర బందరుకు దక్కింది.

మొగ
సోమవారం, సాయంత్రం 6.30

శాసనం గారు "కదులుతూ వచ్చిన రేవు" అన్నారు, దాని కారణాన్ని నేను చెబుతాను. నేను తీరప్రాంత నేలల మీద పనిచేస్తాను. ఘంటసాల ఇప్పుడు బందరుకు పడమరగా, సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, వరిపొలాల మధ్య ఉంది. అక్కడ నిలబడితే సముద్రం వాసన కూడా రాదు. కృష్ణ వేల ఏళ్లుగా ఒండ్రు తెచ్చి సముద్రంలో పోస్తూ నేలను ముందుకు నెట్టింది. ఒక్కొక్క కాలంలో తీరం ఎక్కడ ఆగిందో అక్కడ కెరటాలు ఇసుకను పోగుచేశాయి. ఆ పాత ఇసుక దిబ్బలు ఇప్పటికీ డెల్టాలో తీరానికి దాదాపు సమాంతరంగా వరుసలు వరుసలుగా కనిపిస్తాయి, ఉపగ్రహ చిత్రాలలో చూస్తే చెట్టు కాండంలోని వలయాల్లా ఉంటాయి. పల్లంలో వరి, మెట్ట మీద ఊరు, తాటిచెట్లు, సరుగుడు తోటలు. ఊరు ఎత్తున ఉందంటే చాలావరకు అది ఒకనాటి సముద్రపు ఒడ్డు మీద ఉన్నట్టే.

రేవును పుట్టించింది నది, చంపినది కూడా నదే. నది ఉంటేనే లోపలి సరుకు పడవల మీద ఒడ్డుకు వస్తుంది. అదే నది తెచ్చిన ఒండ్రు రేవును పూడుస్తుంది. బందరు ముందున్న సముద్రం చాలా దూరం వరకు లోతు లేనిది. పెద్ద ఓడలు కొన్ని మైళ్ల దూరంలో లంగరు వేసుకుంటే, చిన్న పడవలు సరుకును ఉప్పుటేరు గుండా లోపలికి చేరవేసేవి. తవెర్నియే మెచ్చుకున్న లంగరు చోటు అదే. ఒండ్రు మట్టి అడుగు లంగరును గట్టిగా పట్టుకుంటుంది, కెరటాల తాకిడి కూడా తక్కువ. ఆ సుఖానికీ ఈ కష్టానికీ కారణం ఒకే బురద.

పల్లెపాలెం
సోమవారం, రాత్రి 9.50

మొగ గారు చెప్పినది మా ఇంట్లో అందరికీ తెలిసిన విషయమే, పుస్తకం మాట మాత్రం కాదు. మాది గిలకలదిండి దగ్గర వేటకు వెళ్లే కుటుంబం. పోటు సమయం చూసుకోకుండా పడవను మొగలోకి, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటికి, తెస్తే ఇసుక మేట మీద ఆగిపోతుంది, మళ్లీ పోటు వచ్చేదాకా చేపలతో సహా ఎండలో కూర్చోవాలి. మా నాన్నగారు వెదురు గడను నీటిలో దింపి, అడుగున తగిలిన స్పర్శను బట్టి బురదా, ఇసుకా, గుల్లా అన్నది చెప్పేవారు. గడను పైకి లాగి చివర అంటిన మట్టిని వేళ్ల మధ్య నలిపి చూసి, "మేట ఇటు జరిగింది, రేపు ఉత్తరం పక్కనుంచి రావాలి" అనేవారు. పోయిన ఏడాది దారి ఈ ఏడాది ఉండదు.

ఉప్పుగాలి గారూ, మీరు ఎన్ని దస్త్రాలు చదివినా ఒకసారి నీరు వెనక్కి తీసే పాటు సమయంలో పడవలో కూర్చుని మొగ దాటి చూడండి. నాలుగు వందల ఏళ్ల కిందట సరుకు దింపిన కూలీ పడిన ఇబ్బంది ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

విశ్రాంత ఉపాధ్యాయుడు
మంగళవారం, ఉదయం 6.20

నేను బందరులోనే పుట్టి, ఇక్కడే పాఠాలు చెప్పి, ఇక్కడే విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. ఊరిలో ఏమీ మిగలలేదన్న మాటకు నా మనసు నొచ్చుకుంది. అమ్మాయీ, నువ్వు బస్సు దిగి ఏయే వీధుల గుండా నడిచావో ఒకసారి గుర్తు చేసుకో. పరాసుపేట, వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, రుస్తుంబాద. పరాసులు అంటే ఫ్రెంచివారు, వలందులు అంటే హాలండు నుంచి వచ్చిన డచ్చివారు. రుస్తుంబాదలో పారశీకపు పేరు వినిపిస్తుంది. అసలు "బందరు" అన్న మాటే పారశీకంలో రేవు. ఆ ఇళ్లను ఉప్పెన తీసుకుపోయింది గాని పేర్లను తీసుకుపోలేదు. రిక్షా అతను రోజుకు పదిసార్లు పలికే ఆ పేర్లు ఏ సమాధి పలకకూ తీసిపోవు.

ఇక మచిలీపట్నం అన్న పేరు సంగతి. కోటగుమ్మానికి చేప కళ్లు అమర్చారని, అందుకే ఈ పేరు వచ్చిందని చిన్నప్పుడు మా నాయనమ్మ చెప్పేది. హిందుస్తానీలో మచిలీ అంటే చేపే. నా నమ్మకం మాత్రం వేరు. శాసనం గారు చెప్పిన మసాలియా, మైసోలియా వంటి పాత పేరు ఏదో జనం నోట నిలిచి ఉండగా, తరువాత వచ్చినవారు దానిని తమకు తెలిసిన చేప మాటతో కలిపి అర్థం చెప్పుకొని ఉంటారు. దీన్ని రుజువు చేయలేను, ఊహగానే తీసుకోండి. అయితే మస్లిన్ బట్టకు ఆ పేరు మచిలీపట్నం వల్లే వచ్చిందని మన వాళ్లు సభల్లో చెప్పే మాటను మాత్రం దయచేసి వ్యాసంలో చేర్చకండి. నిఘంటువులు దానిని ఇరాక్‌లోని మోసుల్ నగరంతో ముడిపెడతాయి. మన ఊరికి నిజమైన గొప్పలు చాలా ఉన్నాయి, అరువు తెచ్చుకోవలసిన అవసరం లేదు.

ఉప్పుగాలి
మంగళవారం, ఉదయం 8.00

మాస్టారూ, నొప్పించినందుకు మన్నించండి. వలందపాలెం బోర్డును ఫోటో తీసుకున్నాను గాని ఆ మాటకు అర్థం తట్టలేదు. మస్లిన్ మాట నా చిత్తుప్రతిలో ఉంది, ఇప్పుడే కొట్టివేశాను.

ఇంకొక ప్రశ్న. పతనానికి కారణంగా నేను 1864 ఉప్పెనను రాసుకున్నాను. ఆ ఏడాది నవంబరు 1 రాత్రి వచ్చిన గాలివానకు సముద్రం ఊరిమీదికి వచ్చి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ దెబ్బ తరువాతే బందరు కోలుకోలేదని చాలాచోట్ల చదివాను. ఇది సరైనదేనా?

దస్త్రాల గది
మంగళవారం, ఉదయం 10.40

సరికాదనే నా అభిప్రాయం. ఆ ఉప్పెన ఎంత ఘోరమైనదో నేను తగ్గించి చెప్పడం లేదు, కానీ 1864 నాటికే బందరు రేవు వెలుగు చాలావరకు ఆరిపోయింది. వెనక్కి లెక్క కడదాం. 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచినప్పుడు ఈ రేవుకు వెన్నుదన్నుగా నిలిచిన దర్బారే పోయింది. కొల్లూరు గనుల వజ్రాలు, దర్బారుకు వచ్చే గుర్రాలు, పారశీక వర్తకుల పలుకుబడి, సుల్తాను ఓడలు, ఇవన్నీ ఆ రాజధానిని పట్టుకుని ఉన్నవే. ఆంగ్లేయులు అప్పటికే మద్రాసును తమ ప్రధాన స్థావరంగా చేసుకున్నారు. 1750లో ఫ్రెంచివారి చేతికి వచ్చిన కోటను 1759 ఏప్రిల్‌లో ఆంగ్లేయుల కర్నల్ ఫోర్డ్ రాత్రివేళ ముట్టడించి గెలిచాడు. ఆ వెంటనే నిజాం సలాబత్ జంగ్ తీరం వెంబడి 80 మైళ్లు, లోపలికి 20 మైళ్ల మేర ఆంగ్లేయులకు వదిలిపెట్టాడు. వర్తకం చేయడానికి వచ్చినవారు శిస్తు వసూలుకు దిగారు.

ఆ తరువాత ఇంగ్లండు మిల్లు బట్ట వచ్చింది. 1832-33లో నందన కరువు, మన పెద్దలు డొక్కల కరువని చెప్పుకునేది, గుంటూరుతో పాటు ఈ ప్రాంతాన్నీ ఊడ్చివేసింది. 1833 చట్టంతో ఆంగ్లేయుల కంపెనీ వర్తకమే మానుకుంది, అంటే నేతగాళ్లకు బయానా ఇచ్చే పెద్ద కొనుగోలుదారు లేకుండా పోయాడు. ఉప్పెన వచ్చేసరికి మిగిలింది చిన్న రేవు, ఒక పటాలం. ఆ పటాలం కూడా తరువాత వెళ్లిపోయింది.

మొగ
మంగళవారం, మధ్యాహ్నం 12.15

రాజ్యాలు మారినా లోతు ఉన్న రేవులు నిలిచాయి. దస్త్రాల గది గారు చెప్పిన కారణాలన్నీ నిజమే అనుకున్నా, ఆవిరి ఓడల కాలం వచ్చాక బందరు ముందు నీరు ఎంత లోతుందన్న ప్రశ్నను ఎవరూ తప్పించుకోలేరు. తెరచాప ఓడకు సరిపోయిన లోతు ఇనుప ఓడకు చాలదు. 1850లలో విజయవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టి, బందరు కాలువ తవ్వి, పడవలలో సరుకును ఊరిదాకా తెచ్చారు. కాలువ బాగానే పనిచేసింది, చిక్కంతా దాని కొసన ఉన్న సముద్రంతోనే వచ్చింది.

విశ్రాంత ఉపాధ్యాయుడు
మంగళవారం, సాయంత్రం 5.45

ఇద్దరి వాదనలూ విన్నాను, రెండింటిలోనూ బరువుంది. కానీ ఉప్పెనను "అప్పటికే ఆరిపోయిన దీపం మీది గాలి" అన్నట్టుగా పక్కన పెట్టడానికి నేను ఒప్పుకోను. రేవుకు 1687 గాని, 1833 గాని ముఖ్యమైన ఏడు కావచ్చు. ఊరికి 1864 ముఖ్యం. మా ఇళ్లలో పెద్దలు కాలాన్ని ఉప్పెనకు ముందు, ఉప్పెన తరువాత అని లెక్కపెట్టేవారు. ఆ తరువాత 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన సుమారు 10,000 మందిని బలిగొన్నప్పుడు ఆ లెక్క మళ్లీ మొదలైంది. శవాలను గుర్తుపట్టలేక చేతి గాజులను బట్టి పేర్లు రాసుకున్న మనుషులను నేను ఎరుగుదును. 2004 డిసెంబరు 26న సునామీ మంగినపూడి దాకా వచ్చింది. రేవు చరిత్ర, ఊరి చరిత్ర ఒకటి కావు. మీ వ్యాసంలో ఈ రెండింటికీ వేరువేరు కాలరేఖలు గీయండి.

పైగా రేవు పోయాక ఊరు పోలేదు. 1843లో నోబుల్ పాఠశాల మొదలైంది. 1902లో కృష్ణాపత్రిక, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల ఇక్కడే పుట్టాయి. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకును ఇక్కడే స్థాపించారు. ఓడల పట్నం పత్రికల పట్నమైంది, చదువుల పట్నమైంది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయిన రోజున మా వీధిలో కొందరు పెద్దలు ఇంట్లో మనిషి పోయినట్టు మాట్లాడుకున్నారు.

చిరువేరు
మంగళవారం, రాత్రి 8.30

ఇంతమంది పెద్దలు మాట్లాడుతున్నారు గాని బట్ట మాట ఎవరూ ఎత్తలేదు. ఓడలు ఇక్కడికి వచ్చింది దాని కోసమే. మాది పెడనలో అద్దకం పని చేసే కుటుంబం. బందరుకు పది కిలోమీటర్ల దూరం.

మా తాతగారి మాటల్లో చిరువేరు అన్నది అద్దకానికి ఎరుపు ఇచ్చే సన్నటి, ఎర్రటి వేరు. ఇసుక నేలల్లో పెరుగుతుంది, తీరపు ఇసుకలో గుల్ల సున్నం ఉంటే దాని ఎరుపు చిక్కబడుతుందని చెప్పేవారు. నిజాంపట్నం వైపు వేరుకు పెద్ద పేరని మెథ్వోల్డ్ దొర కూడా రాశాడని ఒక పరిశోధకుడు మా ఇంటికి వచ్చినప్పుడు చెబితే మా తాతగారు ఎంత సంతోషించారో. అంటే మా ఎరుపు ఈ తీరపు మట్టి నుంచి వచ్చినదే. మొగ గారు చెప్పిన ఇసుక దిబ్బలు లేకపోతే ఆ రంగు లేదు.

పని ఎలా జరుగుతుందో కొంత చెబుతాను. ముందు బట్టకున్న గంజిని ఉడకబెట్టి పోగొట్టి, కరక్కాయ పిప్పి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతాం. పాలలోని జిడ్డు వల్ల రంగు పక్కకు పాకదు. తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెట్టిన రసం కరక్కాయ పట్టిన బట్టను తాకగానే, చూస్తుండగానే నల్లబడుతుంది. ఎరుపు కావలసిన చోట టేకు అచ్చుతో పటిక నీళ్లు అద్దుతాం. అప్పటికి అక్కడ రంగేమీ కనిపించదు. బట్టను కాలువలో జాడించి, పెద్ద రాగి బానలో వేరుతో పాటు ఉడికిస్తే, పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు పైకి తేలుతుంది. చిన్నప్పుడు ఆ బాన పక్కన నిలబడి పువ్వులు ఒక్కొక్కటిగా బయటపడడం చూసేదాన్ని. ఇప్పుడు వేరు దొరకడం కష్టమై చాలామంది అలిజరిన్ అనే రసాయన రంగు వాడుతున్నారు, పని వరస మాత్రం అదే.

జాడించడానికి పారే నీళ్లు కావాలి. నిలవ నీళ్లలో వదిలిన రంగు మళ్లీ బట్టకే అంటుకుంటుంది. అందుకే ఎండాకాలంలో కాలువలు కట్టేసినప్పుడు మా పనీ ఆగుతుంది. నీటిపారుదల వాళ్లు వరి కోసం వేసుకున్న తేదీలే మా అద్దకానికీ తేదీలు.

దస్త్రాల గది
మంగళవారం, రాత్రి 10.10

చిరువేరు గారూ, నేను పదేళ్లు కాగితాల్లో "ఎర్ర అద్దకపు బట్ట" అని చదివాను, దాని వెనుక ఉన్న బానను మాత్రం ఈ రోజే చూశాను. మీ అద్దకం ఎంత దూరం వెళ్లిందో చెబుతాను. తెలుగులో చీటీగుడ్డ అనేదాన్నే ఐరోపావారు చింట్జ్ అన్నారు. కోరమాండల్ తీరం నుంచి, ఇతర భారతీయ రేవుల నుంచి వెళ్లిన ఈ అద్దకపు బట్టలు అక్కడి నేతగాళ్లను ఎంత భయపెట్టాయంటే, ఫ్రాన్సు 1686లోనే వాటిని నిషేధించింది. ఇంగ్లండు 1700 చట్టంతో దిగుమతిని అడ్డుకుంది, 1721లో వాడకాన్నే నిషేధించింది. నూలు గుడ్డ మీద ఉతికినా పోని అద్దకం మొదట్లో వాళ్లకు తెలియని విద్య. వాళ్ల అద్దకం తడిస్తే కారిపోయేది.

ఉప్పుగాలి గారూ, మీ పొంతన సమస్యకు ఇక్కడ ఒక దారి కనిపిస్తోంది. డచ్చి ఉత్తరాలలో ఓడ రాకకు ముందు బట్ట అందడం ఆలస్యమైందన్న ఫిర్యాదులు తరచుగా వస్తాయి. దానిని ఇన్నాళ్లూ నేతగాళ్ల మొండితనంగా, మధ్యవర్తుల మోసంగా చదువుతూ వచ్చాం. పారే నీళ్లు ఎప్పుడు ఉంటాయి, వేరు ఎప్పుడు తవ్వుతారు, వానల్లో ఆరబెట్టడం ఎలా అన్న పంచాంగాన్ని ఆ ఉత్తరాల తేదీల పక్కన పెట్టి చూడండి.

పల్లెపాలెం
బుధవారం, ఉదయం 5.30

వేటకు వెళ్లేముందు రెండు మాటలు. వర్తమానం అంటే కొత్త ఓడరేవు గురించి కూడా రాయాలి. 2008 ఏప్రిల్‌లో ఒకసారి, 2019 ఫిబ్రవరిలో మరొకసారి, 2023 మేలో ఇంకొకసారి శంకుస్థాపన జరిగింది. మా చిన్నతనం నుంచి ఓడరేవు వస్తుందన్న మాట వింటున్నాం. ఇప్పుడు తపసిపూడి దగ్గర పనులు సాగుతున్నాయి, రాళ్ల గట్లు సముద్రంలోకి వెళ్తున్నాయి. పిల్లలకు ఉద్యోగాలు వస్తాయని ఆశ ఉంది. వేట దారి ఎటు మారుతుందో, మేట ఎటు జరుగుతుందో అన్న బెంగ కూడా ఉంది. ఈ రెండూ ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే మనిషిలో ఉంటాయి. మా దగ్గరికి వచ్చేవాళ్లు రెండింటిలో ఒకటే రాసుకుని వెళ్తారు.

మొగ
బుధవారం, ఉదయం 9.00

పల్లెపాలెం గారి బెంగలో శాస్త్రం ఉంది. తీరం వెంబడి ఇసుక ఎప్పుడూ ప్రయాణిస్తూ ఉంటుంది. సముద్రంలోకి రాళ్ల గట్టు కట్టినప్పుడు ఇసుక వచ్చే వైపున పోగుపడుతుంది, దానికి అవతలి వైపున తీరం కోతకు గురవుతుంది. మన తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. మద్రాసు ఓడరేవు కట్టాక దక్షిణాన మెరీనా ఇసుకతిన్నె వెడల్పు కావడం, ఉత్తరాన రాయపురం వైపు కోత పడడం అందరూ చూసినదే. బందరులో సముద్రపు అడుగు చదునైనది గనుక ఓడల దారిని తవ్వడమే కాదు, పూడిక తీస్తూనే ఉండాలి.

దానికి తోడు, ఎగువన నాగార్జునసాగర్, శ్రీశైలం వంటి జలాశయాలలో ఒండ్రు ఆగిపోవడం వల్ల, ఒకప్పుడు నేలను ముందుకు నెట్టిన కృష్ణ ఇప్పుడు మునుపటంత మట్టిని తేవడం లేదు. డెల్టా అంచు కొన్నిచోట్ల వెనక్కి తగ్గుతోంది. ఘంటసాలను సముద్రానికి దూరం చేసిన ప్రక్రియ మన కళ్ల ముందు తిరగబడుతోందన్నమాట. మొదట ఓడలు ఆగే 4 బెర్తులతో, ఏడాదికి 35 మిలియన్ టన్నుల సామర్థ్యంతో అనుకున్న ఈ రేవు, 1611లో ఆంగ్లేయుల ఓడ ఎదుర్కొన్న ప్రశ్నకే యంత్రాలతో జవాబు చెప్పబోతోంది. లోతు తక్కువ బురదను దాటి సరుకును ఒడ్డుకు చేర్చడం ఎలా అన్నదే ఆ ప్రశ్న.

శాసనం
బుధవారం, మధ్యాహ్నం 2.20

చిన్న సవరణ. రేవు కదలికను ఒక్క ఒండ్రుతోనే చెప్పకండి. మోటుపల్లి వెనుక ఓరుగల్లు, బందరు వెనుక గోల్కొండ ఉన్నాయి. సముద్రం అనుమతించిన చోట్లలో ఏది పట్నమవుతుందో లోపలి రాజధాని తేల్చింది.

ఉప్పుగాలి
గురువారం, రాత్రి 9.20

మూడు రోజులుగా మీ మాటలను మళ్లీ మళ్లీ చదివి నా ప్రణాళికను మార్చుకున్నాను. "వైభవం, పతనం, వర్తమానం" అని మూడు అధ్యాయాలు వేసుకున్న కాగితాన్ని పక్కన పెట్టేశాను. ఇప్పుడు ఘంటసాల నుంచి బందరుకోట దాకా, అక్కడి నుంచి తపసిపూడి గట్ల దాకా ఒక గీత గీసుకుని, దాని వెంట నడుస్తూ రాయాలనుకుంటున్నాను. ప్రతి చోటా మూడు సంగతులు అడుగుతాను. నీరు ఎంత లోతు, సరుకు ఎవరు మోశారు, ఈ చోటును ఇక్కడివారు ఏమని పిలుస్తారు. మాస్టారు చెప్పినట్టు రేవుకూ ఊరికీ వేరువేరు కాలరేఖలు ఉంటాయి.

పల్లెపాలెం గారూ, మీకు వీలైన రోజున పాటు సమయంలో మొగ దాటించండి. మీ నాన్నగారి వెదురు గడ ఇంకా ఉంటే దానిని చూడాలని ఉంది. చిరువేరు గారూ, కాలువలు కట్టేయకముందే పెడన వస్తాను, ఉడకబెట్టే రోజు చెప్పండి చాలు. మాస్టారూ, ఆదివారం ఉదయం వలందపాలెం నుంచి పరాసుపేట దాకా మీతో నడవాలని ఉంది.

విశ్రాంత ఉపాధ్యాయుడు
శుక్రవారం, ఉదయం 6.05

అలాగే అమ్మా. ఎండ ముదరకముందే మొదలుపెడదాం, ఆరు గంటలకు కోనేరు సెంటరులో ఉంటాను. దారిలో ఇద్దరు ముసలివాళ్ల ఇళ్లున్నాయి, వాళ్లు నాకంటే పెద్దవాళ్లు. 1864 ఉప్పెనలో తాటిచెట్టు ఎక్కి బతికిన మనిషి కథ వాళ్ల వంశంలో ఇంకా నడుస్తోంది. రాసుకోవడానికి కాగితం తెచ్చుకో, ఫోనులో రికార్డు చేస్తే వాళ్లు బెదురుతారు.

పల్లెపాలెం
శుక్రవారం, మధ్యాహ్నం 1.15

గడ ఉంది. కొస విరిగితే మా అన్నయ్య ఇనుప పట్టీ వేయించాడు. సోమవారం తెల్లవారుజామున పాటు ఉంటుంది, నాలుగున్నరకల్లా గిలకలదిండి రావాలి.